ఎవరి గిన్నెల చప్పుడు?

అర్జెంటీనా ఆర్థిక సంక్షోభం మీద వచ్చిన ఏ చరిత్ర తెరిచినా 2001 డిసెంబరు 19 రాత్రి గిన్నెల చప్పుడు వినిపిస్తుంది. అధ్యక్షుడు ఫెర్నాందో దె ల రువా టీవీలో అత్యవసర పరిస్థితి ప్రకటించగానే బ్యూనస్ ఎయిర్స్‌లో జనం గిన్నెలు, మూతలు, గరిటెలు పట్టుకుని వీధుల్లోకి వచ్చేశారు. మర్నాడు ఆయన రాజీనామా చేసి హెలికాప్టర్‌లో వెళ్లిపోయాడు. ఆ రెండు రోజుల్లో దేశమంతటా దాదాపు 40 మంది చనిపోయారు. దీన్ని 'ప్రజల తిరుగుబాటు' అంటారు. ఆ గిన్నెలు ఎవరి వంటింట్లోవి, అవన్నీ ఒకే గొంతుతో మోగాయా అని మాత్రం ఎవరూ పెద్దగా అడగరు.

నేను ఆ నగరం చూసింది 2002 జూలైలో. అక్కడ అది చలికాలం. ఒక సదస్సుకని వెళ్లి, అయిపోయాక పది రోజులు ఉండిపోయాను. వెళ్లేముందు అందరూ భయపెట్టారు. తీరా చూస్తే కొరియెంతెస్ వీధిలో రాత్రి పొద్దుపోయేదాకా పుస్తకాల షాపులు తెరిచే ఉన్నాయి. నాటకశాలల ముందు జనం. ఒక్క కాఫీ ముందు పెట్టుకుని గంటలకొద్దీ వాదించుకునే ఆడవాళ్లు, మగవాళ్లు. ఇంత కష్టంలోనూ ఎంత జీవం అని పొంగిపోవడం పైనుంచి వచ్చినవాళ్లకి తేలిక. ఆ ఏడాది జనవరి దాకా ఒక పెసో ఒక డాలరుతో సమానం. నేను వెళ్లేసరికి డాలరుకు మూడున్నర పెసోలు. నాలాంటి రూపాయల మనిషికి కూడా అక్కడ భోజనం, పుస్తకం, నాటకం టికెట్టు చవకే. ఆ చవక ఎవరి నెత్తిన పడిందో ఫ్లోరిదా వీధిలో బ్యాంకుల్ని చూస్తే తెలిసింది. అద్దాలు కనబడకుండా ఇనుప రేకులు కొట్టారు. ఆ రేకుల నిండా సొట్టలు.

పెసోను డాలరుకు కట్టేసిన చట్టం 1991 నాటిది. ధరలు అదుపులోకొచ్చాయి, విదేశీ సరుకు వరదలా వచ్చింది, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, అప్పు పెరిగింది. 'సంస్కరణలు' అన్న మాట వెనక ఏముంటుందో 2000 ఆగస్టులో బషీర్‌బాగ్ కాల్పులు చూసిన హైదరాబాదు మనిషికి కొత్తగా చెప్పక్కర్లేదు. 2001 డిసెంబరు మొదట్లో బ్యాంకు ఖాతాలోంచి వారానికి 250 పెసోలకు మించి తియ్యకూడదన్నారు. కొద్ది రోజులకే ఐ.ఎం.ఎఫ్. తర్వాతి విడత అప్పు ఆపేసింది. 2002లో డాలరు డిపాజిట్లను డాలరుకు 1.40 పెసోల లెక్కన మార్చేశారు. బ్యాంకులకు బాకీ ఉన్నవాళ్లకేమో డాలరుకు ఒక్క పెసో లెక్క. పెద్ద పెద్ద కంపెనీల బాకీలు అలా కరిగిపోయాయి. దాచుకున్నవాళ్ల డబ్బూ కరిగింది. నేను దిగిన ఇంటావిడ రిటైరైన టీచరు. డబ్బు దాచుకున్నవాళ్లలో ఆవిడా ఒకరు. వంటింట్లో గోడకి తగిలించిన సొట్టలు పడ్డ గిన్నె మూత చూపించి నవ్వారు. ఇప్పుడిది ఏ గిన్నె మీదా కూర్చోదు అన్నారు.

ఆ నవ్వు నాకు నచ్చింది. అయినా గిన్నె కొట్టిన ప్రతి చెయ్యీ మన వైపు చెయ్యే అనుకోవడానికి లేదు. 1971 డిసెంబరులో పక్కనున్న చిలీలో ఖాళీ గిన్నెలు మోగిస్తూ శాంతియాగో వీధుల్లో నడిచిన స్త్రీలలో ఎక్కువమంది పై తరగతులవాళ్లు. వాళ్ల కోపం అలియెందె సోషలిస్టు ప్రభుత్వం మీద. రెండేళ్లు తిరక్కుండానే పినోచె వచ్చాడు. వంటింటి వస్తువు వీధిలోకి రాగానే అది స్త్రీవాదం అయిపోదు. అది ఎవరి వంటిల్లో, ఎందుకు ఖాళీ అయిందో చూడాలి.

బ్యూనస్ ఎయిర్స్‌లో ఇంకో గిన్నె ఉంది. అది మోగదు, ఉడుకుతుంది. పని పోయిన పికెటెరోలు టైర్లు కాల్చి రహదారులు ఆపేవారు. ఆ దిగ్బంధాల దగ్గర పెద్ద డేగిసాలో అందరికీ వండేవారు. 'ఓయా పొపులార్' అంటారు దాన్ని, ప్రజల కుండ అని. బస్తీల్లో పిల్లలకు అన్నం పెట్టే వంటశాలలూ ఇలాంటివే. కట్టెలు, ఉల్లిపాయలు, ఎముకలు పోగుచేసేది, కలిపేది, వడ్డించేది ఎక్కువగా ఆడవాళ్లే. 2002 జూన్ 26న అవెయనేదాలో ఇద్దరు పికెటెరో యువకుల్ని పోలీసులు కాల్చి చంపారు. నేను వెళ్లేనాటికి వాళ్ల పేర్లు గోడల మీద తడి ఆరనట్టే ఉన్నాయి. దిగ్బంధమూ గిన్నే రెండూ ఒకటే పోరాటమని నినాదం. విన్నప్పుడు ఒళ్లు జలదరించింది. కానీ డిపాజిట్లు కొద్దికొద్దిగా చేతికొచ్చేకొద్దీ మధ్యతరగతి గిన్నెలు అల్మరాల్లోకి వెళ్లిపోయాయి. రోడ్డు ఆపేవాళ్లు మళ్లీ ట్రాఫిక్ సమస్య అయ్యారు.

ఇంకో ఇద్దరి గురించి చెప్పకపోతే ఈ మాట సగమే అవుతుంది. ఒకరు మాయో మైదానం అమ్మలు. మిలటరీ ప్రభుత్వం మాయం చేసిన బిడ్డల కోసం 1977 ఏప్రిల్ నుంచి తలకు తెల్లగుడ్డ కట్టి గురువారం గురువారం నడుస్తున్నవాళ్లు. 2001 డిసెంబరు 20 కూడా గురువారమే. ఆ రోజు మైదానంలో గుర్రాల మీద వచ్చిన పోలీసులు ఆ ముసలివాళ్ల మీదికి కూడా వెళ్లారు. రెండోవారు బ్రూక్‌మన్ ఫ్యాక్టరీలో మగవాళ్ల సూట్లు కుట్టే కార్మికులు, ఎక్కువమంది స్త్రీలు. తిరుగుబాటుకు ముందురోజే, డిసెంబరు 18న, బకాయి జీతాల గురించి అడిగితే యజమానులు వెళ్లిపోయారు. ఇళ్లకు వెళ్లడానికి బస్సు చార్జీలు కూడా లేక ఆ రాత్రి అక్కడే ఉండిపోయారు. తర్వాత మిషన్లు వాళ్లే నడిపారు. విప్లవం చెయ్యాలని వచ్చినవాళ్లు కాదు, జీతం కోసం ఎదురుచూసినవాళ్లు. 2003 ఏప్రిల్‌లో పోలీసులు బయటికి నెట్టారు. కానీ ఆ ఏడాది ముగిసేలోపు ఫ్యాక్టరీ వాళ్ల సహకార సంఘం చేతికొచ్చింది. దానికి పెట్టుకున్న పేరు 'డిసెంబరు 18'. చరిత్రకారులు 19, 20 తేదీలంటారు. ఈ ఆడవాళ్ల క్యాలెండరు ఒకరోజు ముందు మొదలవుతుంది.

రాసేవాళ్లం కనక ఇదొకటి చెప్పుకోవాలి. సాయంత్రమైతే శివార్ల నుంచి సీట్లు పీకేసిన 'తెల్ల రైలు' వచ్చేది. తల్లులు, పిల్లలు తోపుడు బండ్లతో దిగి రాత్రంతా అట్టముక్కలు ఏరేవారు. 2003లో కొందరు రచయితలు, కళాకారులు కలిసి, ఆ అట్టలు కొని చేత్తో రంగులేసి పుస్తకాలకు అట్టలుగా వేసే ప్రచురణ సంస్థ పెట్టారు, ఎలోయిసా కార్తోనెరా అని. కాగితం ఖరీదు గురించి మనం పెట్టే కన్నీళ్లు నాకప్పుడు కాస్త చిన్నగా అనిపించాయి.

2002 అక్టోబరు నాటికి జనాభాలో సగానికి పైగా పేదరికంలో ఉన్నారు. 2024 తొలి సగంలోనూ అంతే. మోగిన గిన్నెలు ఎప్పుడో ఆగాయి కానీ ఉడికే గిన్నె ఈ ఇరవై ఏళ్లూ దిగలేదు. 2024 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఈ వంటశాలలకు సరుకులు ఆపేసి ఉన్నప్పుడు, ఆకలైనవాళ్లు ఒక్కొక్కరే తన దగ్గరికి రావచ్చని సంబంధిత మంత్రి అన్నారు. ఆమె కూడా స్త్రీయే. మంత్రిత్వశాఖ ముందు వీధులకు వీధులే క్యూ కట్టి నిలబడ్డారు. ఆమె వాళ్లని కలవలేదు.