డెన్మార్కు దేశపు సెలవు దినాలు – రద్దయిన ఒక శుక్రవారం కథ

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసం ఏదైనా వ్రాయమని సంపాదక మిత్రులు అడిగినప్పుడు, శాతవాహనులను గూర్చో కాకతీయులను గూర్చో వ్రాస్తానని వారు అనుకొని వుంటారు. అవి వ్రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది వున్నారు. నేను ముప్పయ్యేళ్ళకు పైగా గుమాస్తాగాను, ఆ తర్వాత సూపరింటెండెంటుగాను పనిచేసినవాణ్ణి. ఏటా సెలవుల జి.ఓ. రాగానే సైక్లోస్టైలు చేయించి అన్ని సెక్షన్లకూ పంపడం నా పనుల్లో ఒకటి. ఆ కాగితం చేతికందగానే ప్రతివారూ మొదట చూసేది ఒక్కటే: ఈసారి ఎన్ని పండుగలు ఆదివారం పాలైపోయాయి అని! అందుచేత సెలవులను గూర్చి వ్రాయడానికి నాకు కొంత అర్హత వుందనే అనుకుంటున్నాను. అయితే నేను వ్రాయబోయేది మన సెలవులను గూర్చి కాదు, డెన్మార్కు వారి సెలవులను గూర్చి.

మా అమ్మాయీ అల్లుడూ ఉద్యోగరీత్యా కోపెన్‌హాగెన్ దగ్గర కాపురం వుంటున్నందున 2023లో ఏప్రిల్ మొదలు జూన్ నెలాఖరు వరకు అక్కడ వుండే అవకాశం నాకూ, నా శ్రీమతికీ కలిగింది. డెన్మార్కు మనకు బొత్తిగా సంబంధం లేని దేశం కాదు. 1620 నుండి, ఇంగ్లీషువారికి 1845లో అమ్మివేసేదాకా, తంజావూరు తీరంలోని తరంగంబాడి వారి అధీనంలోనే వుండేది. 1746లో జర్మనీలోని హాలే పట్టణంలో తెలుగు పుస్తకం అచ్చువేయించిన బెంజమిన్ షుల్జ్ మన దేశానికి మొదట వచ్చింది డేనిష్ రాజుగారి ప్రాపకంలో నడిచిన ఆ తరంగంబాడి మిషన్‌కే.

వారి సెలవుల జాబితా మనకు వింతగా తోస్తుంది. అందులో వున్నవన్నీ చర్చి పండుగలే. సంవత్సరాది, ఈస్టరు ముందరి గురువారం, గుడ్ ఫ్రైడే, ఈస్టరు ఆది సోమవారాలు, క్రీస్తు స్వర్గారోహణ దినం, పెంతెకొస్తు ఆది సోమవారాలు, క్రిస్మస్, దాని మరునాడు. మనకు ఆగస్టు 15, జనవరి 26 వున్నట్లు వారికి జాతీయ దినమంటూ చట్టబద్ధమైన సెలవు లేదు. 1849లో రాజ్యాంగం వచ్చిన జూన్ 5ను రాజ్యాంగ దినంగా జరుపుతారు, సభలు పెడతారు, దుకాణాలు మూస్తారు. అయినా అది అసలు జాబితాలో వుండదు. కార్మిక సంఘాలకు అంత బలమున్న దేశంలో మే 1 కూడా లేదు. ఇంకా చిత్రం, ఇల్లిల్లూ చెట్టు చుట్టూ చేతులు పట్టుకొని తిరుగుతూ పాటలు పాడే అసలైన క్రిస్మస్ డిసెంబరు 24 రాత్రి. ఆ 24వ తేదీ కూడా చట్టం ప్రకారం సెలవు కాదు. అయినా ఆ పూట పనిలో వుండేవారు బహు తక్కువ.

ఈ జాబితాలోనే 2023 వరకు మరొక శుక్రవారం వుండేది. దాని పేరు స్టోరే బేడెడాగ్, అంటే మహా ప్రార్థనా దినం. ఈస్టరు తర్వాత వచ్చే నాలుగో శుక్రవారం అన్నమాట.

పూర్వం అక్కడ యుద్ధం వచ్చినా, తెగులు వచ్చినా, పంటలు పోయినా ఉపవాస ప్రార్థనా దినాలు ప్రకటించేవారు. అలా ఏడాది పొడుగునా అవి పెరిగిపోయాయి. ఐదవ క్రిస్టియన్ రాజుగారి కాలంలో హాన్స్ బాగర్ అనే బిషప్పు సలహాపై వీటిని కుదించి 1686లో ఈ ఒక్క మహా దినాన్ని నిర్ణయిస్తూ రాజాజ్ఞ వెలువడింది. అంటే పుట్టుకలోనే ఇది సెలవులను తగ్గించిన ఉత్తర్వు! ఆనాడు పని, వ్యాపారం, ఆటపాటలు అన్నీ నిషిద్ధం. ముందురోజు సాయంకాలం ఆరు గంటలకు చర్చి గంటలు మ్రోగగానే సారాయి అంగళ్ళు మూసివేయాలి, తెల్లవారి జనం నిషా లేకుండా ప్రార్థనకు రావాలని.

పని నిషేధమైతే రొట్టెలవారు కూడా పొయ్యి వెలిగించరాదు గదా. అందుచేత వారు ముందురోజే గోధుమ బన్నులు చేసి అమ్మేవారు, మర్నాడు వేడిచేసుకొని తినమని. జనం మర్నాటిదాకా ఆగలేదు. కొన్న సాయంత్రమే వేడివేడిగా వెన్న రాసుకొని తినడం అలవాటైంది. వీటిని వేదర్ అంటారు. పళ్ళెంలో దగ్గర దగ్గరగా పేర్చి కాలుస్తారు గనుక పైనా కిందా తప్ప ప్రక్కలకు పెచ్చు కట్టదు, మన బేకరీ పావ్ మాదిరిగా. యాలకుల పొడి కూడా వేస్తారు. ఇక కోపెన్‌హాగెన్ నగరవాసులకైతే ఆ సాయంత్రం కొత్త బట్టలు కట్టుకొని కోటగోడల మీద షికారు తిరుగుతూ గంటలు వినడం వేడుక. కోటగోడలు తీసివేశాక ఆ షికారు లాంగెలినీ అనే సముద్రపు ఒడ్డుకు మారింది. ఉపవాసం కోసం పెట్టిన దినం చివరకు తినడానికీ తిరగడానికీ పండుగై కూర్చుంది. మన ఏకాదశి ఫలహారాలు తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యం ఏమీ వుండదు.

1770లో ఈ సెలవులకు పెద్ద గండం వచ్చింది. ఏడవ క్రిస్టియన్ రాజుకు మతి స్థిమితం లేదు. ఆయన వైద్యుడు, స్ట్రూయెన్సే అనే జర్మను, రాజ్యాధికారమంతా తన చేతిలోకి తీసుకొని సంస్కరణలు మొదలుపెట్టాడు. జనం ఇన్ని రోజులు పని మానితే దేశానికి నష్టమని క్రిస్మస్, ఈస్టరు, పెంతెకొస్తు పండుగల మూడో రోజును, జనవరి 6ను, సర్వ పునీతుల పండుగను, మరికొన్నిటిని అక్టోబరులో ఒక్క కలం పోటుతో కొట్టివేశాడు. 1772లో ఆయనను పడద్రోసి ఏప్రిల్ 28న తల నరికారు. ఆయన చేసిన మార్పులు అనేకం తిరగదోడారు గాని, కొట్టివేసిన ఆ సెలవులు తిరిగి రాలేదు. సెలవు తీసివేసినవాడు పోతాడు, తీసివేసిన ఉత్తర్వు మాత్రం ఫైలులో పదిలంగా వుంటుంది. మనం సర్వీసులో చూసిన సంగతే. మహా ప్రార్థనా దినం మాత్రం ఆ గండం తప్పించుకొని మరి 253 ఏళ్ళు బ్రతికింది.

ఆ జాబితాలో కొట్టివేయబడిన వాటిలో జూన్ 24, అంటే యోహాను దినం కూడా ఒకటి. దాని ముందటి రాత్రిని సాంక్త్ హాన్స్ రాత్రి అంటారు. సెలవు పోయి రెండున్నర శతాబ్దాలు దాటినా జూన్ 23 రాత్రి దేశమంతటా సముద్రపు ఒడ్డున, చెరువు గట్లన మన భోగి మంటల లాంటి పెద్ద మంటలు వేస్తూనే వున్నారు. మంట పైన గడ్డితో చేసిన మంత్రగత్తె బొమ్మ పెడతారు. హోల్గర్ డ్రాక్‌మన్ అనే కవి 1885లో ఒక నాటకం కోసం వ్రాసిన పాటను అందరూ కలిసి పాడతారు. మేమున్న 2023లో మే, జూన్ నెలల్లో వానలు లేక నేల ఎండిపోయింది. చాలా మునిసిపాలిటీలు మంటలు వేయరాదని ఉత్తర్వులిచ్చాయి. మేమున్న చోట కూడా మంట లేదు. అయినా రాత్రి పది గంటలకు, ఇంకా వెలుతురు పోని వేళ, ఇరుగు పొరుగు చేరి పాట మాత్రం పాడి ఇళ్ళకు వెళ్ళారు.

ఇక అసలు విషయం. 2022 నవంబరు 1న అక్కడ ఎన్నికలు జరిగాయి. డిసెంబరులో మెట్టె ఫ్రెడెరిక్సన్ గారి నాయకత్వాన మూడు పార్టీల ప్రభుత్వం ఏర్పడింది. ఎన్నికల ప్రచారంలో ఎవరూ నోరెత్తని ఒక మాట ఆ ప్రభుత్వ కార్యక్రమంలో కనిపించింది: మహా ప్రార్థనా దినాన్ని రద్దు చేస్తాము అని. ఉక్రెయిన్ యుద్ధం దృష్ట్యా రక్షణ వ్యయాన్ని జాతీయాదాయంలో 2 శాతానికి 2033కు బదులు 2030కే తేవాలని, జనం ఒక రోజు అదనంగా పనిచేస్తే ఏటా సుమారు 300 కోట్ల క్రోనర్లు ఖజానాకు చేరుతాయని వారి లెక్క.

ఆ దేశపు పద్ధతి తెలిస్తేగాని ఈ ప్రకటన ఎందుకంత మంట రేపిందో అర్థం కాదు. అక్కడ కనీస వేతనానికి చట్టం లేదు. 1899లో నెలల తరబడి సాగిన లాకౌటు తర్వాత కుదిరిన సెప్టెంబరు ఒడంబడిక నాటి నుండి జీతాలు, పనిగంటలు యజమానులూ, కార్మిక సంఘాలూ కూర్చొని తేల్చుకొనేవే. ప్రభుత్వం మధ్యలో వేలు పెట్టదు. అలాంటిది, అందరి ఒప్పందాల్లోనూ లెక్కకు వచ్చిన ఒక సెలవు రోజును సంఘాలను అడగకుండానే పనిదినంగా మార్చడమంటే ఆ నూరేళ్ళ మాటను తప్పడమే అని సంఘాలు వాదించాయి. బిషప్పులు కూడా తమను సంప్రదించలేదని విమర్శించారు. చర్చికి వెళ్ళేవారు తక్కువైన దేశంలో బిషప్పులూ, సంఘాల నాయకులూ, వామపక్షాలూ, మితవాద పక్షాలూ ఒకే ప్రక్కన నిలబడడం అరుదైన దృశ్యం. 2023 ఫిబ్రవరి 5న పార్లమెంటు భవనం ముందు కనీసం 50,000 మంది గుమిగూడారు. సుమారు 59 లక్షల జనాభాలో దాదాపు ఐదు లక్షల మంది అర్జీపై సంతకాలు చేశారు. ఫిబ్రవరి 28న ఓటింగులో 95 మంది అనుకూలంగా, 68 మంది ప్రతికూలంగా. చట్టం అయిపోయింది.

పరిహారం లేకపోలేదు. నెల జీతగాళ్ళకు జీతంలో 0.45 శాతం కలుపుతారు. ఈ అంకె ఎక్కడిదా అని నేనొక సాయంత్రం కాగితం తీసుకొని కూర్చున్నాను. అలవాటు పోదు గదా! వారికి వారానికి 37 గంటలు, అంటే రోజుకు 7.4 గంటల పని. ఏడాదికి సుమారు 220 పనిదినాలనుకుంటే అందులో ఒక రోజు 0.45 శాతం. లెక్క సరిపోయింది. ఖాతాలో తప్పు లేదు. తీసుకున్న రోజుకు రోజు కూలి ఇచ్చారు. మా అల్లుడుగారి సహోద్యోగి ఒకాయన, అరవై దాటినవాడు, భోజనానికి వచ్చినప్పుడు ఈ ప్రస్తావన వచ్చింది. "డబ్బు సంగతి కాదండీ, ఆ రోజును అమ్ముతారా అని నన్నెవరూ అడగలేదు" అన్నాడు. నాకు ఆ మాట సబబుగానే తోచింది. దేశానికి ఆపద వచ్చినప్పుడు ప్రజలు త్యాగం చేయరని కాదు. త్యాగానికీ మినహాయింపుకూ తేడా వుంది. మన జీతాల్లో ఎన్నో మినహాయింపులు చూసినవాళ్ళం మనం.

ఆఖరి మహా ప్రార్థనా దినం 2023 మే 5, శుక్రవారం. యాదృచ్ఛికంగా అది 1945లో జర్మన్ల ఆక్రమణ నుండి డెన్మార్కు విముక్తి పొందిన తేదీ కూడా. 1940 ఏప్రిల్ 9న దేశాన్ని ఆక్రమించిన జర్మన్ సేనలు లొంగిపోయాయని 1945 మే 4 రాత్రి లండన్ రేడియోలో వార్త వచ్చింది. ఐదేళ్ళుగా కిటికీలకు కట్టిన నల్ల తెరలను జనం చించివేసి దీపాలు పెట్టారట. అది మొదలు ప్రతి మే 4 రాత్రి కిటికీల్లో కొవ్వొత్తులు వెలిగించే ఆచారం వచ్చింది. దీనికి సెలవూ లేదు, చట్టమూ లేదు, ప్రభుత్వ ఉత్తర్వూ లేదు. ఆ సంవత్సరం మే 4 గురువారం అయింది గనుక బన్నుల సాయంత్రమూ, కొవ్వొత్తుల రాత్రీ కలిసి వచ్చాయి. బేకరీ ముందు వరుసలో నిలబడి పన్నెండు బన్నులు తెచ్చాము. యాలకుల వాసనకు నా శ్రీమతి "ఇదేదో మన పండుగలాగే వుందండీ" అన్నది. ఎదురింటి వృద్ధ దంపతుల కిటికీలో రెండు కొవ్వొత్తులు చాలాసేపు వెలిగాయి.

2024లో ఆ నాలుగో శుక్రవారం ఏప్రిల్ 26న వచ్చింది, మామూలు పనిదినంగా. ముందురోజు సాయంత్రం అమ్మాయి ఫోను చేసింది. బేకరీలో బన్నులు పెట్టారనీ, వరుస కూడా వుందనీ, ఎనిమిది తెచ్చాననీ చెప్పింది. మర్నాడు ఉదయం అల్లుడుగారు వాటిలో మిగిలిన రెండిటినీ డబ్బాలో పెట్టుకొని ఎనిమిది గంటలకు ఆఫీసుకు వెళ్ళారు.