లినక్స్ వ్యవస్థలో లొకేల్, అక్షర సంకేతీకరణ: తెలుగు పాఠ పరిరక్షణ దృష్ట్యా చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:

లినక్స్ కంప్యూటర్‌లో భాషను, అక్షర సంకేతీకరణను నిర్ణయించే అమరికలను సాధారణంగా సాంకేతిక నిపుణుల విషయంగా మాత్రమే భావిస్తారు. సాదా పాఠంగా భద్రపరచిన ఫైలులోని బైట్లను ఏ అక్షరాలుగా చదవాలో ఆ ఫైలు తనంతట తాను చెప్పదు. ఆ నిర్ణయం చాలావరకు ఈ అమరికలదే. ఈ ఏర్పాటు 1989 నుంచి 2022 వరకు ఎలా మారిందో, అమరిక తప్పినప్పుడు తెలుగు పాఠానికి కలిగే దోషాలలో ఏవి సరిదిద్దదగినవో, ఏవి కావో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: లొకేల్, యూనికోడ్, యుటిఎఫ్-8, ఇస్కీ, పాఠ పరిష్కరణ, డిజిటల్ పాఠం.

1. ఉపోద్ఘాతం

తాళపత్ర ప్రతులను పరిష్కరించే పండితులకు లేఖక దోషాలు కొత్త కావు. అక్షరం జారిపోవడం, ఒకదానికి బదులు మరొకటి పడడం, పత్రం శిథిలమైన చోట పాఠం లోపించడం వారికి నిత్యానుభవం. దోషం ఏ దశలో ప్రవేశించిందో గుర్తించిన తరువాతే పరిష్కర్త దిద్దుబాటుకు పూనుకొంటాడు. డిజిటల్ పాఠానికి కూడా ఇదే విచారణ అవసరం. తెలుగు ఫైలు తెరిచినప్పుడు ప్రశ్నార్థకాలో, నెత్తిన గీతలున్న లాటిన్ అక్షరాలో కనిపిస్తే ఫాంట్ లేదని అనుకోవడం పరిపాటి. ఫాంట్ లేనప్పుడు సాధారణంగా ఖాళీ గడులు కనిపిస్తాయి. ప్రశ్నార్థకాలు, లాటిన్ అక్షరాలు తరచు వేరే కారణాన్ని సూచిస్తాయి. ఆ కారణం మూలాలు యూనిక్స్ సంప్రదాయ చరిత్రలో ఉన్నాయి.

2. లొకేల్ భావన అవతరణ

1963లో వెలువడిన ఆస్కీ ప్రమాణం ఏడు బిట్లతో 128 సంకేతాలను ఏర్పరచింది. ఇంగ్లీషుకు అవి సరిపోయాయి. ఇతర ఐరోపా భాషల కోసం ఎనిమిదో బిట్‌ను కూడా వినియోగించుకొని ఐఎస్ఓ 8859 శ్రేణి పట్టికలు వచ్చాయి. వాటిలో పశ్చిమ ఐరోపా భాషలకు ఉద్దేశించిన మొదటి భాగం 1987 నాటిది. గ్రీకు, సిరిలిక్, అరబిక్ మొదలైన లిపులకు వేర్వేరు భాగాలు ఏర్పడ్డాయి. దీని పర్యవసానంగా 128కి పైబడిన సంఖ్య ఒక్కో పట్టికలో ఒక్కో అక్షరాన్ని సూచించే స్థితి వచ్చింది. ఏ పట్టిక ప్రకారం చదవాలో ప్రోగ్రామ్‌కు ఎవరో ఒకరు చెప్పవలసిన అవసరం అక్కడ పుట్టింది.

ఆ అవసరాన్ని తీర్చిన ఏర్పాటే లొకేల్. 1989 నాటి సి భాషా ప్రమాణం దీనికి స్థానం కల్పించింది. ఆ ప్రమాణం ప్రకారం ప్రతి ప్రోగ్రామూ ‘సి’ అనే కనీస లొకేల్‌లో ఆరంభమవుతుంది. వినియోగదారుని అమరికలను ప్రోగ్రామ్ స్వయంగా కోరినప్పుడే అవి అమలులోకి వస్తాయి. పోసిక్స్ ప్రమాణం ఈ అమరికలకు ఒక ప్రాధాన్యక్రమాన్ని నిర్దేశించింది. ‘లాంగ్’ అనే చరరాశి సాధారణ విలువను ఇస్తుంది. ‘ఎల్‌సీ’తో మొదలయ్యే చరరాశులు అక్షర వర్గీకరణ, అకారాది క్రమం, తేదీ, ద్రవ్యం వంటి అంశాలను విడివిడిగా నియంత్రిస్తాయి. ‘ఎల్‌సీ_ఆల్’ వీటన్నింటినీ తోసిపుచ్చుతుంది.

1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ ఈ సంప్రదాయాన్నే స్వీకరించింది. లినక్స్ సొంత ఫైల్ సిస్టమ్‌లలో కెర్నల్ దృష్టికి ఫైలు పేరు కేవలం బైట్ల వరుస. ఏటవాలు గీత, శూన్య బైటు తప్ప మిగిలినవన్నీ సాధారణంగా దానికి సమ్మతమే. అవి ఏ భాష అక్షరాలన్న విచారణ కెర్నల్‌ది కాదు, దానిపై నడిచే ప్రోగ్రాములది.

3. ఎనిమిది బిట్ల కాలంలో తెలుగు

ఐఎస్ఓ 8859 శ్రేణిలో తెలుగుకు భాగం లేదు. దేవనాగరికి ఉద్దేశించిన భాగం పని కూడా 1997లో విరమించారు. భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో వెలువరించిన ఇస్కీ వేరే మార్గాన్ని అనుసరించింది. బ్రాహ్మీ మూలం గల లిపులన్నింటికీ ఉమ్మడి సంకేతాలను ఇచ్చింది. అందులో 179 అనే సంఖ్య తెలుగులోనూ దేవనాగరిలోనూ ‘క’కారమే. లిపి ఏదన్నది వేరుగా తెలపాలి. మరోవైపు ముద్రణ రంగంలో ఫాంట్ ఆధారిత పద్ధతులు వ్యాపించాయి. వాటిలో సంఖ్యలు అక్షరాలకు కాక తలకట్టు, గుడి, ఒత్తు వంటి ఆకృతి ఖండాలకు సంకేతాలు.

1991 అక్టోబరులో వెలువడిన యూనికోడ్ తొలి రూపంలో తెలుగుకు 128 స్థానాల విభాగం ఏర్పడింది. దాని అమరిక ఇస్కీ క్రమాన్ని అనుసరించింది. లినక్స్‌లో తెలుగు లొకేల్ ఏర్పడేనాటికి తెలుగుకు ఐరోపా భాషలవలె నిలదొక్కుకున్న ఎనిమిది బిట్ల లొకేల్ సంప్రదాయం లేదు. గ్లిబ్‌సి గ్రంథాలయంలోని తెలుగు లొకేల్‌కు యుటిఎఫ్-8 ఒక్కటే సంకేతీకరణ. ఈ తేడా గమనింపదగినది. అమరిక తప్పితే ఫ్రెంచి పాఠంలో కొన్ని అక్షరాలు మాత్రమే చెడతాయి. తెలుగులో పాఠమంతా చెడుతుంది.

4. యుటిఎఫ్-8: లినక్స్‌లో ప్రవేశం

1992 సెప్టెంబరులో కెన్ థామ్సన్, రాబ్ పైక్ ‘ప్లాన్ 9’ ఆపరేటింగ్ సిస్టమ్ కోసం యుటిఎఫ్-8ను రూపొందించారు. ఇందులో ఆస్కీ బైట్లు మారవు. ఇతర అక్షరాల బైట్లన్నీ 128 లేదా అంతకంటె ఎక్కువ విలువ కలవే. అందువల్ల పరాయి అక్షరంలోని ఏ బైటూ ఏటవాలు గీతగానో శూన్య బైటుగానో పొరపడే అవకాశం లేదు. కెర్నల్‌ను మార్చకుండానే తెలుగు ఫైలు పేర్లు సాధ్యపడడానికి ఈ లక్షణమే కారణం.

2000 నవంబరులో వెలువడిన గ్లిబ్‌సి 2.2 యుటిఎఫ్-8 లొకేళ్లకు సమగ్రమైన ఆధారాన్ని కల్పించింది. 2002 సెప్టెంబరులో విడుదలైన రెడ్ హ్యాట్ లినక్స్ 8.0 అధిక భాషలకు దీనినే సహజ అమరికగా స్వీకరించింది. 2007 ఏప్రిల్‌లో డెబియన్ 4.0 కొత్త స్థాపనలకు అదే మార్గం పట్టింది. మార్పు సునాయాసంగా జరగలేదు. పాత ఫైళ్లు పాత సంకేతాలలోనే ఉండిపోయాయి. వెతికే, వరుసపెట్టే పనిముట్లు కొత్త అమరికలో మందగించడంతో పలువురు ‘సి’ లొకేల్‌కే మరలిపోయారు.

5. దోషాల స్వరూపం

యుటిఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతం మూడు బైట్లు. మొదటి బైటు 224, రెండవది 176 లేదా 177. ‘తెలుగు’ అన్న మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలిసి 18 బైట్లు. ‘త’కారం 224, 176, 164 అనే వరుస. దీనిని ఐఎస్ఓ 8859-1 ప్రకారం చదివితే గీత ఉన్న లాటిన్ ‘ఎ’, డిగ్రీ గుర్తు, ద్రవ్య చిహ్నం కనిపిస్తాయి. చెడిన తెలుగు పాఠంలో మొదటి రెండూ పదేపదే రావడానికి హేతువు ఇదే. ఈ దోషాలు మూడు స్థాయిలలో ఉంటాయి.

మొదటిది పఠన దోషం. బైట్లు భద్రంగా ఉంటాయి, చదివే అమరిక మాత్రమే తప్పు. అమరిక దిద్దితే పాఠం యథాతథంగా దక్కుతుంది.

రెండవది పునఃసంకేతీకరణ దోషం. తప్పుగా చదివిన పాఠాన్ని తిరిగి యుటిఎఫ్-8లో భద్రపరచడం వల్ల ఇది కలుగుతుంది. మధ్యలో వాడినది ఐఎస్ఓ 8859-1 అయితే 256 విలువలకూ స్థానం ఉన్నందున వెనుకకు మార్చవచ్చు. విండోస్-1252 పట్టిక అయితే చిక్కు. అందులో 129, 141, 143, 144, 157 సంఖ్యలకు అక్షరాలు లేవు. తెలుగులో అరసున్న, ‘ఏ’, ‘ఐ’, ‘ఝ’, కొమ్ము, పొల్లు గుర్తుల మూడవ బైటు సరిగ్గా ఈ సంఖ్యలలో ఒకటి. కొన్ని పరివర్తకాలు ఇక్కడ దోషం చూపి ఆగుతాయి, కొన్ని ఆ బైట్లను ఎలాగో నిలుపుతాయి, మరికొన్ని వదిలివేస్తాయి. వదిలివేస్తే ఉకారాంతాలు అధికంగా గల తెలుగులో కొమ్ములు చెడతాయి. యూనికోడ్‌లో సంయుక్తాక్షరాన్ని కట్టే గుర్తు పొల్లే కనుక ఒత్తులన్నీ విడిపోతాయి.

మూడవది లోప దోషం. ఆస్కీకే పరిమితమైన అమరికలో కొన్ని ప్రోగ్రాములు తెలుగు అక్షరాలకు బదులు ప్రశ్నార్థకాలను రాసి భద్రపరుస్తాయి. అప్పుడు మూల బైట్లు ఉండవు. మరొక ప్రతి లేనిదే ఈ పాఠాన్ని ఏ అమరికా తిరిగి ఇవ్వలేదు.

ఫాంట్ ఆధారిత ఫైళ్లు ఈ మూడింటికీ వెలుపలివి. వాటికి లొకేల్ మార్పు ఫలించదు. ఆయా ఫాంటుకు తగిన పరివర్తకం కావాలి.

6. దిద్దుబాటు క్రమం

చరిత్ర సూచించే క్రమం సరళమైనది. మొదట ఫైలుకు నకలు తీసి, మూలాన్ని తిరిగి భద్రపరచకుండా ఉంచాలి. తరువాత ‘లొకేల్’ ఆదేశంతో అమలులోని అమరికలను, ఆ లొకేల్ వ్యవస్థలో నిజంగా ఏర్పాటై ఉందా అన్నదానిని పరిశీలించాలి. పేరు పేర్కొన్నా అది వ్యవస్థలో లేకపోతే ప్రోగ్రామ్ ‘సి’ లొకేల్‌లోనే మిగిలిపోతుంది. దూరపు సర్వర్‌లోకి ప్రవేశించినప్పుడు, నిర్ణీత వేళకు తమంత తాము నడిచే పనులలో ఈ స్థితి తరచు ఏర్పడుతుంది. శాశ్వత అమరికకు ‘లాంగ్’ తగినది. అన్నింటినీ తోసిపుచ్చే ‘ఎల్‌సీ_ఆల్’ను తాత్కాలిక పరీక్షకే పరిమితం చేయడం మేలు. అమరిక మార్చినంత మాత్రాన ఫైలులోని బైట్లు మారవు. పాత సంకేతంలోని ఫైలును ‘ఐకాన్వ్’ వంటి సాధనంతో వేరుగా మార్చుకోవాలి.

ఇటీవలి పరిణామాలు ఈ భారాన్ని కొంత తగ్గించాయి. 2018లో వచ్చిన పైథాన్ 3.7 ‘సి’ లొకేల్‌లో ఉన్నప్పుడు కూడా యుటిఎఫ్-8 వైపు మొగ్గే ఏర్పాటు చేసుకుంది. 2022 ఫిబ్రవరిలో గ్లిబ్‌సి 2.35 యుటిఎఫ్-8తో కూడిన ‘సి’ లొకేల్‌ను చేర్చింది. మరుసటి నెలలో జావా 18 యుటిఎఫ్-8నే సహజ సంకేతీకరణగా స్వీకరించింది.

7. ముగింపు

ప్రాంతానికొక పట్టిక ఉన్న కాలంలో పుట్టిన లొకేల్, పట్టికలన్నీ ఒకటైన తరువాత కూడా బైట్లకు అర్థం చెప్పే బాధ్యతను కొంతవరకు మోస్తూనే ఉంది. యుటిఎఫ్-8 సర్వసాధారణమైనందువల్ల కొత్త పాఠాలకు ప్రమాదం తగ్గింది. పాత డిస్కులలో ఉన్న సిద్ధాంత గ్రంథాలు, పదసూచికలు, సేకరించిన జానపద గేయాలకు ఆ భద్రత లేదు. వాటిని తెరిచి అలాగే భద్రపరిచే ఒక్క చర్యతో సరిదిద్దదగిన పఠన దోషం సరిదిద్దరాని లోప దోషంగా మారవచ్చు. పరిష్కర్త తన ప్రతులను వివరించినట్లే, డిజిటల్ పాఠాన్ని భద్రపరిచే పరిశోధకులు దాని సంకేతీకరణను, మార్పిడికి వాడిన సాధనాన్ని, తేదీని పాఠంతోపాటు నమోదు చేయడం అవసరం. ఆ రెండు పంక్తుల నమోదు ఉంటే భావి పాఠకునికి దోషం ఏ దశలో ప్రవేశించిందో తెలుస్తుంది. లేకపోతే ఊహే మిగులుతుంది.