మార్లవాయి నుంచి ఇప్పపూల పాఠం దాకా

ఒకే అంశం చుట్టూ భాష, లెక్కలు, పరిసరాల విజ్ఞానం కలిపి చెప్పడాన్ని శిక్షణల్లో మాకు కొత్త పద్ధతిగా చెబుతుంటారు. 1937లోనే వార్ధాలో గాంధీజీ నయీ తాలీం ప్రతిపాదించారు. నూలు వడకడం, సేద్యం వంటి చేతిపనితో ముడిపెట్టి మిగతా చదువు చెప్పాలని జాకీర్ హుస్సేన్ కమిటీ రాసింది.

మా అడవిలో జరిగింది ఇంకా దగ్గరి సంగతి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక, గోండుల స్థితిగతులు తెలుసుకునే పని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండు యువకులే పంతుళ్లయ్యారు. వాచకాలు గోండీలో, దేవనాగరి లిపిలో వచ్చాయి. పద్ధతి పేరు కన్నా మాకు ఇదే ముఖ్యం.

ఇప్పపువ్వునే తీసుకోండి. ఎన్ని గంపలు ఏరారు, ఎండితే బరువెంత తగ్గింది, సంతలో ధరెంత, ఆ చెట్టును మనవాళ్లు ఎందుకు నరకరు? లెక్క, విజ్ఞానం, సాంఘికం అన్నీ అందులోనే ఉన్నాయి. పిల్లకు ఇవన్నీ ఇంటి మాటలో తెలుసు. బడిలో చార్టు మీద మాత్రం తెలుగే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కోయ, కొలామి, సవర వంటి ఎనిమిది భాషల్లో వాచకాలు వచ్చాయి. మీ బడి బీరువాలో అవి ఉంటే, ఈసారి పూలు రాలే నాటికి బయటికి తీయండి.