వేకువకు ముందటి స్మారకదర్శనము

నగరములందలి స్మారకములను రాత్రివేళ దీపకాంతిలో చూచివచ్చుట నేడు ఎల్లచోట్ల వాడుకయైన వేడుక. వేసవి రాత్రులందు ఢిల్లీవాసులు పిల్లాపాపలతో ఇండియాగేటు పచ్చికబయళ్లకు చేరుదురు. రంజాను మాసమున చార్మినారు చుట్టును హైదరాబాదు నగరము నడిరేయి దాటినను మేలుకొనియే యుండును. విశాఖ సముద్రతీరమున 1996లో వెలసిన యుద్ధవిజయస్మారకము చెంత ప్రొద్దుగ్రుంకిన పిదపనే జనసమ్మర్దము హెచ్చును. ఇవి యన్నియు కనులపండువులే. అయితే న్యూజిలాండు దేశమున, రాజధానియగు వెల్లింగ్టనునకు ఈశాన్యముగా సుమారు 140 కిలోమీటర్ల దూరమున, మనవాటూ మైదానమునందున్న పామర్‌స్టన్ నార్త్ నగరమున, చీకటివేళ స్మారకమును దర్శించు ఆచారము మరియొకటి కలదు. అది ఏటికొక్కమారు, ఏప్రిలు 25వ తేదీన, సూర్యోదయమునకు ముందు జరుగును. అందు వేడుక లేదు. ఆ ఆచారము పుట్టిన విధమును, ఆ వృత్తాంతమున మన దేశపు సైనికులకును మన చెన్నపట్టణమునకును గల పాలును తెలుగు పాఠకులకు విన్నవింపవలెనని నా కోరిక.

రంగితానే అను మావోరీ తెగవారి నెలవై, అరణ్యమధ్యమున విశాలమైన మైదానముగా నుండిన ఈ ప్రదేశమునందు 1866లో జాన్ టిఫిన్ స్టూవర్టు అను సర్వేయరు పట్టణమునకు హద్దులు గీచినపుడు, నడుబొడ్డున 17 ఎకరముల చదరమును సర్వజనోపయోగార్థము విడిచిపెట్టెను. ప్రజలు దానిని నేటికిని ‘స్క్వేర్’ అనియే వ్యవహరింతురు. మావోరీ పెద్దలు అందరును సామరస్యముతో మెలగవలసిన ప్రాంగణముగా నెంచి ‘తె మరాయె ఓ హీనె’ అని పేరిడిరి. 1876 మొదలు రైలుబండ్లు ఈ చదరము నడుమనుండియే పోవుచుండెను. 1960ల దశకమున పట్టాలు ఊరి వెలుపలికి తరలిన పిదపగాని ఈ పచ్చిక యంతయు ఒక్కటి కాలేదు. భూకంపభయమున తపాలా కార్యాలయపు గోపురమును తొలగించినపుడు దింపిన గడియారము 1950ల దశకమున ఇచ్చటి క్రొత్త స్తంభము నెక్కినది. రంగితానే నాయకుడు తె పీటి తె ఆవె ఆవె పాలరాతి విగ్రహమును ఇచ్చటనే కలదు. వీని సరసనే మొదటి మహాయుద్ధమున మడిసినవారికై 1920ల దశకమున నెలకొల్పిన స్మారకశిల నిలిచియున్నది.

ఈ శిల యెదుట జనులు నిలుచు తీరు అలంకారపు కట్టడము నెదుట నిలుచు తీరు కాదు, సమాధి నెదుట నిలుచు తీరు. కారణము స్పష్టము. ఆనాటికి న్యూజిలాండు జనాభా పది లక్షలకు కొంచెము మించినది. అందు దాదాపు ఒక లక్షమంది సముద్రములు దాటి యుద్ధమునకు పోగా, సుమారు 18,000 మంది తిరిగిరాలేదు. మృతదేహములను స్వదేశమునకు చేర్చరాదనియు, పడినచోటనే పాతిపెట్టవలెననియు బ్రిటిషు సామ్రాజ్యము నియమము చేసెను. పలువురకు పాతిపెట్టిన చోటైన తెలియలేదు. కొడుకు గోరీపై ఒక పువ్వైన ఉంచుటకు నోచుకొనని తల్లులకు ఊరి నడుమ చెక్కిన పేరే శరణ్యమైనది. దేశమున అయిదువందలకు పైబడి ఇట్టి స్మారకములు లేచుటకు హేతువిది. వానిని కేవలము విజయచిహ్నములుగా చూచువారు ఆ తల్లుల ఊసు మరచినవారని నా యభిప్రాయము.

1914 ఆగస్టున యుద్ధము ప్రకటితమైన కొలది దినములకే ఈ నగరమునందలి అవపునీ గుఱ్ఱపుపందెముల మైదానము సైనికశిబిరముగా మారెను. వెల్లింగ్టను పదాతిదళమును, వెల్లింగ్టను ఆశ్వికదళమును అచ్చటనే కూడినవి. ఆశ్వికదళమునందలి మూడు స్క్వాడ్రనులలో నొకటి మనవాటూ పేరు మోసినది. పదాతిదళమునకు నాయకుడు విలియం మలోన్. అక్టోబరు 16వ తేదీన పది నౌకలు సుమారు 8,500 మంది యోధులతోను, నాలుగువేలకు కొంచెము తక్కువగా గుఱ్ఱములతోను వెల్లింగ్టను రేవును విడిచెను.

ఈ ప్రయాణమునకు హిందూమహాసముద్రమున పొంచియున్న భయములలో నొకటి మనవారికి చిరపరిచితము. అదియే ఎండెన్ అను జర్మను యుద్ధనౌక. సెప్టెంబరు 22వ తేదీ రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతమున అది, ఆనాడు తెలుగువారికిని రాజధానియైన చెన్నపట్టణపు తీరమునకు వచ్చి, నూరింటికి పైబడిన గుండ్లను కురిపించి, బర్మా చమురు కంపెనీ తొట్లను తగులబెట్టి చీకటిలో మాయమయ్యెను. జనులు మూటాముల్లెలతో పట్టణమును విడిచి పారిపోయిరి. ఒక గుండు తగిలినచోటును సూచించు శిలాఫలకము హైకోర్టు ఆవరణపు గోడకు నేటికిని కలదు. మరి ఏడువారములకు, నవంబరు 9వ తేదీన, న్యూజిలాండు ఆస్ట్రేలియా సైనికుల నౌకాశ్రేణి కోకోసు ద్వీపముల సమీపమున పోవుచుండగా, ఆ శ్రేణికి కావలియైన సిడ్నీ అను నౌక వేరుపడి పోయి ఎండెనును కూల్చెను. చెన్నపట్టణమును బెదరించిన నౌక కథ అవపునీ పచ్చికలో కవాతు చేసిన పల్లెటూరి పడుచువాండ్రు పోవుచున్న దారిలోనే ముగిసినదని మన చరిత్రగ్రంథములు చెప్పిన బాగుండెడిది.

ఈ న్యూజిలాండు సైనికులు ఈజిప్టున దిగిన కాలముననే నిజాము సంస్థానపు హైదరాబాదు లాన్సర్లు, మైసూరు పాటియాలా ఆశ్వికులతోగూడి, సూయజు కాలువను కాచుటకై వచ్చియుండిరి. 1915 ఫిబ్రవరి ఆరంభమున తురుష్కసేన రాత్రివేళ కాలువను దాట యత్నించినపుడు ఇరుదేశములవారును ఒకే కాలువ గట్టుల కావలిలో నుండిరి. ఏప్రిలు 25వ తేదీన తురుష్కదేశపు గలిపోలి తీరమున దిగిన దినమున సయితము భారతీయ పర్వతఫిరంగిదళము వారి వెంట దిగెను. ఆ దినమున తెల్లవారకముందు దిగినవారు ఆస్ట్రేలియనులు. న్యూజిలాండువారు దిగునప్పటికి బారెడు ప్రొద్దెక్కినది. వీరి వేకువ వేరొకటి. ఆగస్టు 8వ తేదీన తెల్లవారుజామున మలోన్ నాయకత్వమున వెల్లింగ్టను దళము చునుక్ బయిర్ శిఖరమును పట్టుకొనెను. శిఖరమెక్కిన 760 మందిలో ఆ రాత్రికి గాయపడక మిగిలినవారు 70 మంది. మలోనును అచ్చటనే మడిసెను.

మరుసటి ఏడు, 1916లో, ఏప్రిలు 25వ తేదీని దేశమంతట పాటించిరి. 1920లో శాసనముచే సెలవుదినమైనది. 1922లో ఆ స్మారకదినమునకు ముందటి దినమున ఎఱ్ఱని పాపీపువ్వుల విక్రయము మొదలైనది. నిజమునకు ఆ గుడ్డపువ్వులు 1921 నవంబరు నాటి యుద్ధవిరామదినమునకే ఫ్రాన్సునుండి రావలసియుండగా, వానిని తెచ్చు నౌక ఆలస్యముగా చేరుటచే విక్రయమును ఏప్రిలునకు జరిపిరి. నాటినుండి అదియే మామూలైనది. తెల్లవారకముందటి సభ మాత్రము ఆస్ట్రేలియానుండి 1939లో వచ్చినది. శత్రువులు సాధారణముగ చీకటి విడువకముందే పైబడుదురు గనుక, ఆ గడియలో కందకములందలి ప్రతి సైనికుడును ఆయుధపాణియై మౌనముగ నిలువవలెనను నియమము యుద్ధభూమిలో నుండెను. ఆ నిలుపునే మరల నిలుచుట ఈ ఆచారము.

దక్షిణార్ధగోళమున ఏప్రిలు శరత్కాలము. పచ్చికపై మంచు చెమరించియుండును, నోటినుండి ఆవిరి వెడలును. గడియారస్తంభపు వెలుగు దూరమునుండి కానవచ్చుచుండ, నలుదెసల వీథులనుండి జనులు మాటాడక వచ్చి శిల చుట్టును చేరుదురు. చీకటిలో పక్కవాని ముఖము కానరాదు. మెడల్ మీది లోహపు మెఱుపు కానవచ్చును. దానిని స్వయముగా గడించినవారు ఎడమరొమ్మున ధరింతురు. తాతముత్తాతల మెడళ్లను మనుమలు కుడిరొమ్మున ధరింతురు. ఇప్పుడు కుడివైపు మెడళ్లే మెండు. పదేండ్ల పిల్ల యొకతె బరువునకు వాలిన కోటును చేతితో పట్టుకొని నిలుచుట నేను చూచితిని. బూరధ్వని, మౌనము, మరల బూరధ్వని. అవనతమైన పతాకము పైకేగును. అంతట జనులు ఒక్కొక్కరే ముందునకు వచ్చి కోటునకు గ్రుచ్చిన ఎఱ్ఱపువ్వును తీసి శిలపాదమున నుంచి పోవుదురు.

రాజధానియగు వెల్లింగ్టనులో ఇట్టి దర్శనమునకు నెలవు 1932 ఏప్రిలు 25న ప్రతిష్ఠితమైన ఘంటాగోపురము. 2004 నవంబరు 11న ఫ్రాన్సునుండి తెచ్చిన పేరెరుగని యోధుని అస్థికలను దాని పాదముననే ఉంచిరి. విదేశమున మడిసినవారిలో ఒక్కడైన ఇంటికి వచ్చుటకు ఆ దేశమునకు తొమ్మిది దశకములు పట్టినది. మన ఢిల్లీలో ఇండియాగేటునకు కొంత దూరమున, 1922 నాటి తీన్‌మూర్తి స్మారకమున నిలిచిన మూడు కంచువిగ్రహములలో నొకటి హైదరాబాదు ఆశ్వికునిది. రాత్రి దీపకాంతిలో ఆ కూడలిని చుట్టిపోవు మనవారిలో పెక్కుమందికి ఆ సంగతి తెలియదు. ఇది నన్ను బాధించును.

గుఱ్ఱముల మాటయు చెప్పవలెను. న్యూజిలాండునుండి పోయిన పదివేలకు మించిన గుఱ్ఱములలో తిరిగివచ్చినవి నాలుగే. వానిలో బెస్ అను నల్లని ఆడుగుఱ్ఱము 1914లో వెల్లింగ్టను ఆశ్వికదళముతో పోయినది. దాని రౌతు కర్నల్ గై పౌల్స్. యుద్ధానంతరము ఆయనతో మరలివచ్చి, 1934లో పామర్‌స్టన్ నార్త్‌నకు వాయవ్యముననున్న బుల్స్ గ్రామసమీపమున, ఫ్లాక్ హౌస్ పొలములలో అది చనిపోగా, పౌల్స్ అచ్చటనే దానిని పూడ్చి రాతిస్మారకము కట్టించెను. ఏప్రిలు 25న జనులు అచ్చటికిని పోయి పూలు ఉంచుదురు.