పుదుచ్చేరిలో డూప్లే: అధికారం, పతనం

1742లో డూప్లే గవర్నరుగా వచ్చేనాటికి పుదుచ్చేరి ప్రధానంగా ఒక వర్తక స్థావరం. 1746లో మద్రాసు ఫ్రెంచివారి వశమైంది. 1748లో ఆంగ్లేయుల ముట్టడిని పుదుచ్చేరి తిప్పికొట్టింది. ఈ విజయాలు డూప్లేలో రాజ్యకాంక్షను రగిల్చాయి.

స్వదేశీ ప్రభువుల వారసత్వ కలహాలే అతనికి సోపానాలైనాయి. 1750 డిసెంబరులో నాజర్ జంగ్ హతుడు కాగా, ముజఫర్ జంగ్‌కు దక్కను సుబేదారుగా పుదుచ్చేరిలోనే పట్టాభిషేకం జరిగింది. ప్రతిఫలంగా కృష్ణానదికి దక్షిణాన కన్యాకుమారి వరకు గల ప్రాంతంపై డూప్లేకు ఆధిపత్యం లభించింది. 1751లో ముజఫర్ జంగ్ మరణించగా, ఫ్రెంచి సేనాని బుస్సీ సలాబత్ జంగ్‌ను గద్దెనెక్కించాడు. 1753లో కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కారుల ఆదాయం ఫ్రెంచి సేనల పోషణకు దఖలు పడింది. పుదుచ్చేరి రాజనీతికి మూల్యం తెలుగు రైతు చెల్లించవలసి వచ్చింది.

అయితే తిరుచిరాపల్లి యుద్ధం ఖజానాను హరించింది. 1752లో ఫ్రెంచి పక్షం నిలిపిన నవాబు చందా సాహెబ్ హతుడయ్యాడు. పారిస్‌లోని కంపెనీ కోరింది లాభాలనే కాని రాజ్యాలను కాదు. 1754 ఆగస్టులో గాడెహూ వచ్చి అధికారం స్వీకరించాడు. అక్టోబరులో డూప్లే ఓడ ఎక్కాడు. యుద్ధాలకై వెచ్చించిన సొంత ధనం అతనికి తిరిగి దక్కలేదు.

1759లో మచిలీపట్నం, 1761లో పుదుచ్చేరి ఆంగ్లేయుల పరమైనాయి. 1763లో డూప్లే పారిస్‌లో పేదరికంలో కన్నుమూశాడు. పరుల సింహాసనాలను ఆసరాగా చేసుకున్న అధికారానికి స్వదేశంలోనే అండ కరవైంది.