బంగారు డబ్బా, నెమలి ఈకల టోపీ

హైదరాబాద్ పాతబస్తీ పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో, అద్దం వెనుక వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ డబ్బా ఉంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనకు పాతికేళ్లు నిండాయని 1937లో జరిపిన రజతోత్సవానికి వచ్చిన కానుకల్లో అదొకటి. దాని ముందు ఆగనివాళ్లు అరుదు.

ఆ సంబరం జరిగిన మూడేళ్లకు, అదే రాజ్యం ఉత్తరపు కొసన జోడేఘాట్ గుట్టల్లో తుపాకులు పేలాయి. అంతకుముందే అడవిని రిజర్వు చేశారు, పోడు కొట్టినవాళ్లను వెళ్లగొట్టారు, పశువులు మేపితే బంచరాయి పన్ను గుంజారు. పన్నెండు గూడేలు గోండు నాయకుడు కుమ్రం భీము వెంట నిలిచాయి. 1940లో నిజాం బలగాల కాల్పుల్లో భీము నేలకొరిగాడు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమినాడు ఆదివాసులు అక్కడే ఆయన్ని తలుచుకుంటారు.

గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి సర్కారు ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను పురమాయించింది. జర్మన్ పాస్‌పోర్టు ఉండి శత్రుదేశస్థుడిగా లెక్కకు రావడంతో రెండో ప్రపంచ యుద్ధం ఆయన్ని హైదరాబాద్ సంస్థానంలోనే కట్టిపడేసింది. భార్య బెట్టీతో కలిసి గోండుల ఊరు మార్లవాయిలో కాపురం పెట్టాడు. 1943లో అక్కడ గోండు పంతుళ్లకు శిక్షణ మొదలైంది, గోండీలో వాచకాలు వచ్చాయి. 1987లో హైదరాబాద్‌లో కన్నుమూసిన బెట్టీ సమాధి ఆ ఊళ్లోనే ఉంది.

నగరంలో ఆదివాసుల సంగతి తెలుసుకోవాలంటే మాసాబ్ ట్యాంక్‌లో నెహ్రూ శతాబ్ది గిరిజన మ్యూజియం ఉంది. కానీ చరిత్ర జరిగిన చోటే దాన్ని చూడాలంటే జోడేఘాట్ వెళ్లాలి. 2016లో అక్కడ భీము స్మారకం, ఆదివాసీ మ్యూజియం వచ్చాయి. అదే ఏడాది కొత్త జిల్లా ఏర్పడింది, పేరు కుమ్రం భీమ్ ఆసిఫాబాద్. నిజాంల వంశమైన ఆసఫ్‌జాహీల పేరున్న ఊరూ, వాళ్లను ఎదిరించినవాడూ ఇప్పుడు ఒకే బోర్డు మీద ఉన్నారు.

వచ్చినవాళ్లకు తమ సంగతి చెప్పుకోవడం గోండులకు మ్యూజియంతో మొదలైన పని కాదు. దీపావళి రోజుల్లో ఒక ఊరి దండారీ నృత్య బృందం ఇంకో ఊరికి విడిదికి వెళుతుంది. నెమలి ఈకల టోపీ, ఒంటినిండా బూడిద, భుజాన తోలు, చేతిలో కర్రతో గుస్సాడీలు ఆడతారు. ఆతిథ్యమిచ్చే ఊరు వంటలు చేసి పెడుతుంది. ఆ రాకపోకల్లోనే పెళ్లి సంబంధాలూ కలుస్తాయి. ఆ ఆటకు గుర్తింపుగా మార్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. 2024లో ఆయన వెళ్లిపోయినా, ఆట ఆగలేదు.

పురానీ హవేలీలో మనం టిక్కెట్టు కొన్న సందర్శకులం. దండారీ రోజుల్లో ఆ గూడేలకు వెళ్తే మాత్రం చుట్టాలం. చుట్టాలమైతే చూసి రావడంతో సరిపోదు, ఆ గూడెంవాళ్లు పాతబస్తీకి వచ్చిననాడు మనమూ అన్నం పెట్టాలి.