ఇంగ్లండులో వంశశోధన (19వ శతాబ్దం)

ఇంగ్లండులో పూర్వీకుల జాడ తీసేవారికి 1837 జూలై 1 పెద్ద మైలురాయి. ఆ రోజు నుంచి జనన, వివాహ, మరణాల నమోదు ప్రభుత్వం చేతికి వచ్చింది. అంతకు ముందటి కాలానికి ప్రధాన ఆధారం 1538లో మొదలైన పారిష్ చర్చి రిజిస్టర్లు.

అన్నిటిలోకీ విలువైనది పెళ్లి సర్టిఫికెట్టు. వధూవరుల తండ్రుల పేర్లు, వృత్తులు అందులో ఉంటాయి కనుక ఒక్క కాగితంతో ఒక తరం వెనక్కి పోవచ్చు. వయసు గడిలో మాత్రం తరచూ అంకె కనబడదు. 21 నిండాయన్న అర్థంలో మేజరు అని రాసి వదిలేశారు. సంతకం చోట ఇంటూ గుర్తుంటే, ఆ మనిషికి బహుశా రాత రాదు.

జనన నమోదును పూర్తిగా నమ్ముకోకూడదు. 1875కు ముందు చాలామంది పిల్లల్ని నమోదు చేయించలేదు. అలాంటి బిడ్డ బాప్టిజం రిజిస్టరులో దొరకవచ్చు. 1813 నుంచి అది అచ్చు ఫారం: తల్లిదండ్రుల పేర్లు, నివాసం, తండ్రి వృత్తి. బాప్టిజం తేదీని పుట్టినరోజుగా పొరబడటం కొత్తవాళ్లు చేసే తప్పు. నలుగురు పిల్లలకు ఒకేరోజు బాప్టిజం ఇప్పించిన ఇళ్లూ ఉన్నాయి!

1841 జనాభా లెక్కల్లో పెద్దల వయసును సాధారణంగా అయిదేళ్ల లెక్కకు తగ్గించారు. 39 ఏళ్లవాడు 35 అయ్యాడు. పుట్టిన పారిష్ పేరు 1851 నుంచి కనిపిస్తుంది.

ఊళ్లోంచి మాయమైన సైనికుడో గుమాస్తానో ఇండియాలో కొలువుకు వెళ్లి మచిలీపట్నంలో తేలవచ్చు. ఆ ఊరున్న మద్రాసు ప్రెసిడెన్సీ చర్చి రిజిస్టర్ల నకళ్లు లండన్‌కు వెళ్లేవి. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.